కన్నబాబు మూల

జూలై 6

ముందు గ్యారేజి షట్టరు సంగతి రాస్తాను. మిగతాది తర్వాత.

నిన్న ఫారెస్టు ఆఫీసు వాళ్ళు జీపు దిగారు. నేను తాళం తీశానో లేదో, ఇద్దరు మగాళ్ళు కలిసి షట్టర్ని ఒక్క ఊపున పైకి తోశారు. పైన రేకు పెట్టెలో టప్పుమని ఏదో తెగింది. కుడివైపు స్ప్రింగు. పోయినేడాదే కదా షట్టర్లు బాగుచేసే తాతబ్బాయి రెండు స్ప్రింగులూ మార్చి వెళ్ళాడు! అవి బాగున్నన్నాళ్ళూ మా అమ్మాయి లహరి కాలేజీకి పోతూ వేళ్ళతో ఎత్తి పడేసేది. ఒకటి తెగేసరికి ఆ ఇనుమంతా మన రెక్కల మీదే. ఈ రోజు నేనొక్కదాన్నే ఎత్తబోతే మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. కిందనుంచి దూరి వెళ్ళి కుట్టు మిషను దగ్గర కూర్చున్నాను. ఆ మసక వెలుతురులో ఎవరిదో బ్లౌజు చేతులు తిరగేసి కుట్టాను. విప్పి మళ్ళీ కుట్టాలి, నా ఖర్మ.

ఇక మిగతాది. గ్యారేజిలో, వలల వెనక, మూటలు దొరికాయి. ఎండబెట్టిన సముద్ర దోసకాయలు. సముద్రం అడుగున పాకే ఆ ప్రాణుల్ని ముట్టుకుంటే జైలని ఈ దీవుల్లో పసిపిల్లలకి కూడా తెలుసు. పెద్దాఫీసరు నా వైపు తిరిగి, ఆ మూల ఎవరిదని హిందీలో అడిగాడు.

"కన్నబాబు కా హై సాబ్," అన్నాను.

అబద్ధం కాదు. ఆ మూల కన్నబాబుదే. ఎదురింట్లో కాపురం పెట్టిన దగ్గర్నుంచి తన వలలూ ఇంజనూ మా గ్యారేజిలోనే పెట్టుకుంటాడు. అద్దె లేదు, పాడు లేదు. వల ఎవరింట్లో పడుకుంటే, పడవ రాగానే ఆ ఇంటికి ఒక కూర చేప. అదీ మా గల్లీ పద్ధతి. జంగ్లీఘాట్‌లో ఎవర్నడిగినా ఆ మూల కన్నబాబుదనే చెబుతారు. నేనూ అదే చెప్పాను. అంతకు మించి నన్నెవరూ అడగలేదు.

రేవులో ఇంజను కడుక్కుంటున్నవాణ్ణి పిలిపించి, మూటలు చూపించి, తడి లుంగీతోనే జీపెక్కించారు. ఎక్కే ముందు వాడు నా వైపే చూసి, "అక్కా, ఏటివి?" అన్నాడు. నేను లోపలికి వెళ్ళి పొయ్యి మీద పాలు చూశాను.

ఆ మూటల మూతికి ఆకుపచ్చ దారంతో కుట్టు ఉంది. ఆకుపచ్చ దారం బజారులో ఎవరైనా కొనుక్కోవచ్చు.

జూలై 7

నేను అబద్ధం చెప్పలేదు.

జూలై 8

నిన్న మా ఆయన్ని కూడా ఆఫీసుకి పిలిచారు. మూటలు దొరికిన వేళ తన వ్యానులో వండూర్‌కి టూరిస్టుల్ని తీసుకెళ్ళి ఉన్నాడు కాబట్టి, నేను ముందే ఆ మాట చెప్పి ఉన్నాను కాబట్టి, ఒక సంతకం పెట్టించుకుని పంపేశారు. వచ్చి స్నానం చేసి శుభ్రంగా అన్నం తిన్నాడు. రెండోసారి చారు కూడా అడిగాడు.

తెల్లారి చూస్తే వ్యాను లేదు, మనిషీ లేడు. తుష్నాబాద్‌లో మేనమామ వక్క తోటలో పని ఉందిట. ఈ వానల్లో ఏం పనో. గల్లీలో అడిగినవాళ్ళకి మామయ్యకి ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఇదొక్కటే అబద్ధం.

జూలై 9

పొద్దున్న షట్టరుతో కుస్తీ పడుతుంటే వెనకనుంచి, "ఉండు వదినా, నాను కూడా సెయ్యేస్తాను," అని వినిపించింది. కన్నబాబు పెళ్ళాం తవిటమ్మ. ఎవర్ని చూడకూడదనుకుంటున్నానో ఆవిడే!

ఇద్దరం కలిసి ఎత్తితే నడుము దాకా వచ్చింది. అక్కడ ఏదో పట్టేసినట్టు ఆగిపోయింది. కింద బల్ల ముక్క ఆనించింది తవిటమ్మ. తర్వాత లోపలికొచ్చి, వలలు తీసి గుమ్మం ముందు పరుచుకుని, తెగిన చోట్ల కుట్టుకుంటూ కూర్చుంది. నేను మిషను మీద, ఆవిడ నేల మీద. మిషను ఆపితే మాట్లాడాల్సి వస్తుందని ఆపకుండా తొక్కాను. కుట్టడానికి గుడ్డ అయిపోతే ఖాళీ మిషనే తొక్కాను.

వెళ్ళేటప్పుడు, "అన్నయ్య కనపడ్డం నేదు," అంది.

"తుష్నాబాద్ వెళ్ళారు. మామయ్యకి బాగాలేదు."

"అయ్యో," అంది. అంతే.

పాపం, ఆవిడకేమీ తెలియదు.

జూలై 11

ఈయన ఫోన్ చేశాడు. వెనకాల కోళ్ళ అరుపులు. "టెన్షన్ మత్ లే పద్దూ. కన్నబాబు గాడికి పాత కేసులేం లేవు. బెయిల్ మీద వచ్చేస్తాడు. లాయర్ని నేను చూస్తాను. నువ్వు మాత్రం చుప్‌చాప్ ఉండు."

"అవి ఎవరివి?" అని అడిగాను.

"ఏవి?"

"మూటలు."

"అన్నీ తెలిసి మళ్ళీ నా నోటితో చెప్పిస్తావేంటి?" అని కోప్పడ్డాడు.

ఏం తెలుసు నాకు? ఎండాకాలంలో మామయ్య వక్కలకని గట్టి గుడ్డ తెచ్చి సంచులు కుట్టమన్నాడు, కుట్టాను. మూతికి నాడా పెట్టమన్నాడు, పెట్టాను. వక్కల సంచి నీచు వాసన కొడుతుందేమిటని ఒకసారి అడిగాను కూడా. పక్కన చేపల వలలుంటే కొట్టదా అన్నాడు. నిజమే కదా, అనుకున్నాను. అనుకోవడం ఎంత సుఖం.

షట్టరు సంగతి చెప్పాను. తాతబ్బాయిని పిలుస్తానంటే, "ఇప్పుడొద్దు. నేనొచ్చాక చూద్దాం. ఎవర్నీ పిలవకు," అన్నాడు.

జూలై 12

తవిటమ్మ కూర చేప తెచ్చింది. ఆమె మరిది లక్ష్ముడు వేరేవాళ్ళ పడవ మీద వెళ్ళి తెచ్చాడట. ఆకులో చుట్టి గుమ్మంలో పెట్టి, "వల ఇక్కడే ఉంది గదా వదినా, పద్దతి తప్పకూడదు," అంది.

తల కొట్టేసినట్టయింది. వద్దని ఎలా అంటాను? ఎందుకు వద్దంటే ఏం చెబుతాను? తీసుకున్నాను. పులుసు పెట్టాను. వండినంతసేపూ ముక్కు మూసుకున్నాను, చేప మంచిదే అయినా.

లహరి కంచం ముందు కూర్చుని ముట్టుకోలేదు.

"తిను."

"మమ్మీ, ఆ రోజు నేను పైన కిటికీలో ఉన్నాను. కన్నబాబు మామయ్య పేరు ఎందుకు తీసుకున్నావ్?"

"మూల ఎవరిదంటే చెప్పాను. మూల ఆయనదే కదా."

"వో తో ఠీక్ హై. సంచులు ఎవరివో అది కూడా చెప్పొచ్చు కదా?"

చెంప పగలగొట్టాను. ఇంతవరకూ దాన్ని నేను కొట్టింది లేదు. అది ఏడవలేదు. కంచం పక్కకి జరిపి లేచి పోయింది. పులుసంతా నేనే తిన్నాను. పారేస్తే పాపమని తిన్నాను. తర్వాత వాంతి చేసుకున్నాను.

దీనికి తెలుగు చదవడం రాకపోవడం ఇన్నాళ్ళూ బాధగా ఉండేది. ఈ డైరీ రాస్తున్నప్పుడు మాత్రం అదే నాకు ధైర్యం. థూ, నేనూ ఒక తల్లినే.

జూలై 14

వాన. షట్టరు ఎత్తలేదు. ఒంట్లో బాగాలేదని తవిటమ్మకి కిటికీలోంచే చెప్పాను. వలలు కావాలేమో అనిపించింది. ఆవిడ అడగలేదు.

జూలై 15

ఎన్నాళ్ళని ఇలా? ఆయన మాట పక్కనపెట్టి తాతబ్బాయి కొట్టుకి వెళ్ళాను. స్ప్రింగు తెగిందని చెప్పాను.

"పోయినేడాదే గదా దీదీ పెట్టాను? రెండూ ఒకేసారి పెట్టాను, ఒకటే ఎలా తెగుద్ది?" అన్నాడు. "పైనుంచి నీళ్ళేమైనా కారుతున్నాయా? ఉప్పు నీళ్ళు పడితే తప్ప అది ఇంత జల్దీ పోదు."

పైన శ్లాబు. ఉప్పు నీళ్ళెక్కడివి?

"రేపొచ్చి పెట్టె విప్పి చూస్తాను. మార్చితే రెండూ మార్చాలి. కొత్తదీ పాతదీ కలిపితే షట్టరు ఒక పక్కకి లాగుద్ది," అన్నాడు. సరే అన్నాను.

ఇంటికొచ్చి ఆయనకి ఫోన్‌లో చెప్పాను. నెత్తిన బాంబు పడ్డట్టు అరిచాడు. "నీకు బుర్ర లేదా? ఆ పెట్టెలో ఇంకో మూట ఉంది!"

కుడివైపు స్ప్రింగు మీదే పెట్టాడట. గొట్టానికీ రేకుకీ మధ్య ఖాళీ ఉంటే అందులో కూరాడట. ఉప్పులో ఊరిన సరుకు సరిగ్గా ఆరకముందే. దాన్లోంచి ఉప్పు నీరు చుక్కలు చుక్కలుగా కారి స్ప్రింగుని తినేసింది. అందరి కళ్ళూ కప్పి దాచాలనుకుంటే, ఆ దాచినదే షట్టర్ని విరగ్గొట్టింది. వచ్చినవాళ్ళు మూలన ఉన్నవి చూసి పోయారే గాని తల పైకెత్తలేదు.

"అది కుట్టింది నువ్వు. దొరికితే ఇద్దరం పోతాం. లహరి గురించి ఆలోచించు," అన్నాడు.

తాతబ్బాయికి ఫోన్ చేసి వద్దని చెప్పాను. ఈయనే వచ్చి చేసుకుంటాడట అన్నాను. అయినా స్ప్రింగులు కొట్టు నుంచి తెచ్చి పెట్టుకున్నాను.

జూలై 16

యూట్యూబులో చూశాను. ఎవడో తెల్లాయన తన ఇంటి గ్యారేజి తలుపుకి స్ప్రింగు మార్చుతున్నాడు. ఆ తలుపులు వేరు, ఆ స్ప్రింగులు వేరు. పొడుగ్గా గోడకి బిగించి ఉన్నాయి. మనది చుట్టుకుపోయే షట్టరు, స్ప్రింగు గొట్టం మీద డబ్బాలో ఉంటుంది. ఒక్క మాట మాత్రం మనకీ పనికొచ్చేదే. స్ప్రింగులో బిగువు ఉన్నంతసేపూ చెయ్యి పెట్టొద్దు, ఒంటరిగా చెయ్యొద్దు అని పదే పదే చెప్పాడు.

ఒంటరిగా కాకపోతే ఎవరితో చెయ్యను? చెప్పడం తేలికే మహానుభావుడికి.

నా ఆలోచన ఇదీ. ముందు మూట లాగెయ్యాలి. తర్వాత ఎవరొచ్చినా భయం లేదు. మూట గుడ్డ షట్టరు పట్టీల మధ్య చిక్కుకుని ఉంటుంది, అందుకే నడుము ఎత్తులో ఆగిపోతోంది. స్టూలెక్కి, రేకు కిందనుంచి చెయ్యి పెట్టి లాగితే వస్తుంది. మూటని సముద్రంలో పారేస్తాను. అక్కడినుంచి వచ్చినవే కదా.

జూలై 17

పారేస్తే కన్నబాబు?

బెయిల్ వస్తుందన్నాడు కదా.

జూలై 19

తవిటమ్మ మొగుణ్ణి చూసి వచ్చింది. మా గుమ్మంలో కూర్చుని చెప్పింది. నేను అడగలేదు, ఆవిడే చెప్పింది.

"సిక్కిపోయాడు వదినా. గెడ్డం పెరిగిపోనాది. ఏటడిగినాడో తెలుసా? వలలు ఎండబెట్నావా, తడిగా మడిసీసి పెట్టీకు, కుళ్ళిపోతాయి అన్నాడు. నా ఇంజనుకి గ్రీజు పెట్టమని లచ్చుడికి సెప్పు అన్నాడు. అక్కా, బావా బాగున్నారా అని అడిగాడు."

టీ పెడతానని లోపలికి వెళ్ళి, పొయ్యి వెలిగించి, గిన్నె పెట్టకుండా మంట చూస్తూ నిలబడిపోయాను. టీ లేకుండానే తిరిగొచ్చాను. ఆవిడ కూడా టీ ఏదని అడగలేదు.

"బెయిలు?" అన్నాను.

"ఈ కేసుకి అంత ఈజీగా ఇవ్వరంట. సరుకు ఎవులిదో పేరు సెప్తే ఆలోసిస్తామన్నారంట. ఈడికేటి తెలుసని సెప్తాడు?"

బావా బాగున్నారా అని అడిగాడట. ఎందుకడిగాడు? ఊరికే అడిగి ఉంటాడు. వాడి మనసు అలాంటిది. ఊరికే అడిగి ఉంటాడు.

జూలై 20

ఆయనకి ఫోన్ చేశాను. బెయిల్ రాదట అన్నాను. "అయితే నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు.

జూలై 23

కుడి మణికట్టుకి పసుపు గుడ్డ కట్టి ఉంది. అయినా రాయాలి.

పొద్దున్న లహరి కాలేజీకి వెళ్ళిపోయింది. ఈ రోజు మూట తీసెయ్యాలని గట్టిగా అనుకుని కిందికి దిగాను. తవిటమ్మ వచ్చి రోజూలాగే చెయ్యేసింది. షట్టరు నడుము దాకా లేచింది.

"ఈ రోజు స్ప్రింగుకి గ్రీజు పెట్టి చూస్తాను. నువ్వు వెళ్ళిరా, మధ్యాహ్నం వద్దువు గాని," అన్నాను.

"ఒక్కదానివీ ఎలా సేస్తావు? నానట్టుకుంటాను," అంది.

వద్దన్నకొద్దీ అనుమానం వస్తుందని ఊరుకున్నాను. ఆవిడ కన్నబాబు తెడ్డు తెచ్చి షట్టరు కింద నిలువుగా ఆనించింది. ఒడ్డున పడవ ఒరిగిపోకుండా పోటు పెడతారే, అలాగ. ఇసుకలో అయితే తెడ్డు దిగబడి నిలబడుతుంది. ఇది గచ్చు. పైగా వాన జల్లు కొట్టి తడిగా ఉంది. ఇద్దరం గంగపుత్రుల బిడ్డలమే, ఇద్దరికీ ఆ ఆలోచన రాలేదు.

లోపలివైపు స్టూలెక్కి, కన్నబాబు గ్రీజు డబ్బా పక్కన పెట్టుకుని, రేకు కింద చేతులు దూర్చాను. వేళ్ళకి గుడ్డ తగిలింది. నేను కుట్టిన గుడ్డే, అంచు మడత కూడా వేళ్ళకి తెలిసింది. లాగాను. రాలేదు. పట్టీలు దాన్ని నమిలి పట్టుకున్నాయి. రెండు చేతులూ మోచేతుల దాకా పెట్టి లాగాను.

తెడ్డు జారింది.

గొట్టం గిర్రున తిరగబోయింది. నా చేతులు దానికీ రేకుకీ మధ్య ఉన్నాయి. కుడి మణికట్టు పట్టీ కింద ఇరుక్కుని గాజులు చిట్లాయి. అరిచానో లేదో కూడా తెలియదు. అంతలో ఆగింది. కిందికి చూస్తే తవిటమ్మ వంగి, షట్టరు అడుగు పట్టీని భుజం మీద మోస్తోంది. మెడ నరాలు ఉబ్బిపోయాయి.

"సేతులు తియ్ వదినా," అంది.

"ఇరుక్కుంది."

"కొంచెం పైకెత్తుతాను. ఎత్తగానే తియ్."

ఎత్తింది. ఆ సన్నటి మనిషి, అంత ఇనుమూ ఎత్తింది. నేను కుడి చెయ్యి లాగాను, దానితో పాటే మూట కూడా ఊడి వచ్చి ధబ్బున కింద పడింది. మూతి నాడా తెగి సరుకంతా ఆవిడ కాళ్ళ దగ్గర దొర్లింది. నల్లగా, ఎండిపోయి, కంపు. ఆకుపచ్చ దారం.

నా ఎడమ చెయ్యి ఇంకా గొట్టానికీ రేకుకీ మధ్యే ఉంది. తవిటమ్మ ఆ మూట వైపు చూసింది. నా వైపు చూసింది. ఆ చూపు ఎంతసేపో నాకు తెలియదు. ఆవిడ చెయ్యాల్సిందల్లా పక్కకి తప్పుకోవడమే.

"దిగు," అంది.

దిగాను. అప్పుడు మెల్లగా, వంగి వంగి, షట్టర్ని నేల దాకా దించింది. ఇద్దరం లోపల ఉండిపోయాం. పట్టీల సందుల్లోంచి వచ్చే వెలుతురు తప్ప ఏమీ లేదు. ఆవిడ గోడకి ఆనుకుని చతికిలపడి రొప్పుతూ కూర్చుంది. జాకెట్టు భుజం చిరిగి రక్తం కనపడుతోంది. ఆ జాకెట్టు కుట్టింది కూడా నేనే.

"తవిటమ్మా, నాకు తెలీదు..." అని మొదలెట్టాను. ఆ క్షణంలో కూడా అబద్ధమే వచ్చింది నోటికి!

"ఊరుకో వదినా," అంది. "ఇంకా ఎందుకు? నాకు ఆ రోజే తెలుసు. ఆ దారం ఎవులి మిసన్ మీదుందో ఈ గల్లీలో నాకు తెల్దేటి? కన్నబాబు కా హై అన్నావు సూడు, అప్పుడు నాను కుళాయి కాడే ఉన్నాను. ఆడికీ తెలుసు. జైల్లో నాను ఏటి సెప్పినానో తెలుసా? అక్క సెప్తాది, ఇయాల కాపోతే రేపు సెప్తాది, కంగారు పడకు అని."

"మరి రోజూ ఎందుకొచ్చావు? షట్టరు ఎందుకెత్తావు? ఆ చేప ఎందుకిచ్చావు?"

"సూద్దామని. మా సేప తిని, మా సెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళుంటావో సూద్దామని."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. నా ఏడుపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి చీర చెంగు చించి నా మణికట్టుకి చుట్టింది, మెత్తగా ఏం కాదు, చేప గాలానికి తాడు బిగించినట్టు బిగించింది.

"ఇందాక బరువు నా మీద పడ్డప్పుడు వదిలీద్దామనుకున్నాను. నిజం సెప్తున్నాను. ఆ మూట సూసినప్పుడు మల్లీ అనుకున్నాను. నీ సేతులు నలిగిపోతే నా మొగుడు ఇంటికొస్తాడేటి? నాకు నీ సేతులొద్దు వదినా. నీ నోరు కావాల."

అని లేచి, కిందనుంచి తనే షట్టరు జానెడు ఎత్తి, పాక్కుంటూ బయటికి వెళ్ళిపోయింది. వల తీసుకెళ్ళలేదు. నేను ఆ కంపులోనే లహరి వచ్చేదాకా కూర్చున్నాను.

జూలై 24

సిగ్గు అంటే చెంపలు ఎర్రబడడం అనుకునేదాన్ని. కాదు. కింద దొర్లిన సరుకంతా ఏరి, నేను కుట్టిన సంచిలోనే మళ్ళీ నింపుకోవడం.

వెళ్ళే ముందు ఆయనకి ఫోన్ చేశాను. "నేను ఆఫీసుకి వెళ్తున్నాను. మూట తీసుకుని. నువ్వు నీ అంతట నువ్వే వచ్చేస్తే మంచిది," అన్నాను. బూతులు తిట్టాడు. తర్వాత బతిమాలాడు. లహరి పెళ్ళి, గల్లీలో మొహం, మా నాన్న పరువు, అన్నీ తెచ్చాడు. నేను అవునవును అంటూనే ఉన్నాను. అవన్నీ నిజమే. ఫోన్ పెట్టేశాను.

ఆటోలో లహరి పక్కన కూర్చుంది. మూట మా ఇద్దరి కాళ్ళ మధ్య. చెంప మీద కొట్టిన దగ్గర్నుంచి నాతో మాట్లాడనిది, దిగేముందు నా కొంగు సర్దింది.

అదే ఆఫీసరు. సంచి చూశాడు, కుట్టు చూశాడు, నా చెయ్యి చూశాడు. నేను కుట్టానని చెప్పాను. ఎవరు కుట్టమన్నారో చెప్పాను. మూలలో ఉన్నవి కూడా ఎవరివో చెప్పాను. కన్నబాబు వల తప్ప ఏమీ పెట్టలేదని చెప్పాను. అన్నీ చెప్పాక, "పెహలే క్యోం నహీ బోలా?" అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదని.

భయం అని చెబితే బాగుండేది. అందరూ నమ్మేవారు. ఆ రోజు నాకు భయం వెయ్యలేదు. మూల ఎవరిదని అడగ్గానే, అబ్బ, ఎంత మంచి ప్రశ్న అడిగాడు అనిపించింది. అదే చెప్పాను. ఆయన రాసుకోలేదు. తల ఊపి కలం పక్కన పెట్టి, టీ తాగుతావా అన్నాడు.

నా మీద కూడా కేసు ఉంటుందట. పిలిచినప్పుడల్లా రావాలట. సరే అన్నాను.

జూలై 28

ఈయన్ని తుష్నాబాద్‌లోనే పట్టుకున్నారు. తనంతట తను రాలేదు. వ్యాను కూడా తీసుకుపోయారు. గల్లీలో ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేసేదాన్ని, అలవాటైపోయింది.

ఆగస్టు 2

కన్నబాబు ఇంటికొచ్చాడు.

నేను కిటికీ వెనక నిలబడి చూశాను. రేవు నుంచి జనం వచ్చారు. తవిటమ్మ గుమ్మంలో దిష్టి తీసింది. ఆమె ఏడుపు మొదటిసారి విన్నాను. ఇన్నాళ్ళూ నా ముందు ఒక్క చుక్క రాల్చని మనిషి గల్లీ దద్దరిల్లేలా ఏడ్చింది.

సాయంత్రం మొగుడూ పెళ్ళాం లక్ష్ముణ్ణి తీసుకుని గ్యారేజికి వచ్చారు. వలలు మోసుకెళ్ళారు, ఇంజను మోసుకెళ్ళారు, తెడ్డూ గ్రీజు డబ్బా కూడా. కన్నబాబు చీపురడిగి మూలంతా శుభ్రంగా ఊడ్చాడు. నేనూడుస్తానంటే వినలేదు. గడ్డం తీసేసుకున్నాడు, మొహం పాలిపోయి ఉంది. చీపురు గోడకి ఆనించి, "వెళ్ళొస్తానక్కా," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. నా మొహం చూసి వాడే తల వంచుకుని, "వద్దక్కా," అని వెళ్ళిపోయాడు. నేను పడాల్సిన సిగ్గు కూడా వాడే పడ్డాడు.

ఆగస్టు 5

తాతబ్బాయి వచ్చాడు. పెట్టె విప్పి, తుప్పు గోకి, రెండు స్ప్రింగులూ కొత్తవి పెట్టాడు. ఎడమదానికి ఏమీ కాలేదు కదా, అది ఉంచెయ్యమంటే ఒప్పుకోలేదు. చుట్లు ఎక్కించి, పట్టాలకి నూనె వేసి, ఆరు నెలలకోసారి గ్రీజు పెట్టమని చెప్పాడు. ఉప్పు నీళ్ళెక్కడివని ఈసారి అడగలేదు.

"ఎత్తి చూడండి దీదీ," అన్నాడు. దెబ్బ తగలని చేత్తో పట్టుకున్నాను. గాలిలా పైకి పోయింది.

ఆగస్టు 6

పొద్దున్నే కిందికి దిగి షట్టరు పక్కన నిలబడ్డాను. ఒక్క చేత్తో లేస్తుందని తెలుసు. అయినా ఎత్తలేదు. తవిటమ్మ కుళాయి దగ్గర బిందె నింపుకుంటోంది. నింపుకుని చంకనెత్తుకుని ఇటే వచ్చింది. నేను చేతులు ముడుచుకుని చూస్తూ ఉన్నాను. మా గుమ్మం ముందునుంచి, తల తిప్పకుండా, నడక ఆపకుండా వెళ్ళి తన ఇంట్లోకి వెళ్ళిపోయింది. తలుపు వేసుకుంది.

అప్పుడు ఎత్తాను.